తాతగారి బ్యాటు, గ్లవ్స్ అద్దాల పెట్టెలోకి చేరేముందు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకూ ఇదీ. అటక మీది పెట్టెలో తాతగారి ఆటసామాను దొరికింది. సంతకాలున్న క్రికెట్ బ్యాటు, బిగించే చెక్క చట్రంతో సహా ఒక పాత టెన్నిస్ రాకెట్, లేసు కట్టే తోలు ఫుట్‌బాల్, ఒక జత బాక్సింగ్ గ్లవ్స్. గ్లవ్స్ మీద తెల్లగా ఏదో పట్టింది, వాసన కూడా వస్తోంది. బ్యాటు అంచున రెండు సన్నటి రంధ్రాలున్నాయి. బ్యాటును ఉప్పు కాగితంతో రుద్ది వార్నిష్ వెయ్యాలా, తోలుకు ఏ నూనె పట్టించాలి, తరవాత గోడకు ఎలా అమర్చాలి అని అడిగారు.

మొదటి రెండిటికీ ఒకటే మాట: వద్దు. ఉప్పు కాగితమూ వద్దు, నూనే వద్దు. బ్యాటుకు నూనె పట్టించడం అందరూ చేసేదే కదా అంటారు. ఆడే బ్యాటుకు చేస్తారు, నిజమే. బంతి దెబ్బ తట్టుకోవాలి, తడి లోపలికి దిగకూడదు, గ్లవ్ వేళ్ల దగ్గర మడత పడాలి. ఆ పద్ధతులన్నీ ఈ అవసరాల కోసం పుట్టినవే. మీ సామాను ఇకమీద దెబ్బ తినదు, తడవదు, మడత పడదు. కదలకుండా కూర్చోవడమే దాని పని. అలాంటి వస్తువుకు నూనె పట్టిస్తే ఒరిగేదేమీ లేదు, నష్టం మాత్రం బోలెడు.

ఇది నేను పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు. సేకరణ మొదలుపెట్టిన కొత్తలో చేతికొచ్చిన ఒక నల్లటి పాత బ్యాటును ఒక ఆదివారం కూర్చుని రుద్దేశాను. మూడు గంటల్లో తెల్లగా, కొత్తదానిలా తయారైంది. చాలా గర్వపడ్డాను. కొన్ని నెలల తరవాత దాన్ని ఇచ్చినవాళ్లే ఒక పాత ఫొటో చూపించారు. అందులో బ్యాటు వెనకవైపు, భుజానికి కాస్త కింద, పెన్సిల్‌తో రాసిన వరస ఉంది: పరుగులు, పక్కన తేదీలు. నేను మురికి అనుకుని గీకి పారేసింది దాన్నే. అంచున ఉన్న ఎర్రటి బంతి మరకలు కూడా పోయాయి. ఇప్పుడది ఎవరూ ఎప్పుడూ ఆడని బ్యాటులా ఉంటుంది.

కాబట్టి ముందు చేయాల్సింది శుభ్రం కాదు, ఫొటోలు తీయడం. పగటి వెలుగులో ఒకసారి తీయండి. తరవాత టార్చిని పక్కనుంచి, ఉపరితలానికి దాదాపు సమాంతరంగా పట్టుకుని మళ్లీ తీయండి. అలా పక్కవాటంగా వెలుగు పడితే మామూలుగా కనబడని ముద్రలు, పెన్సిల్ గీతలు, పగుళ్లు బయటపడతాయి. కుట్లు, లేబుళ్లు, హ్యాండిల్ మీది దారం చుట్టు, లేసు ముడి కట్టిన తీరు, అన్నీ తీయండి. ఏది ఎక్కడ విడిపోయి ఉందో రాసుకోండి.

బ్యాటును మాత్రం మిగతావాటికి దూరంగా పెట్టండి. ఆ రెండు రంధ్రాలు పుచ్చు పురుగువి కావచ్చు. పురుగు ఎప్పుడో పోయి ఉండవచ్చు, ఇంకా లోపలే ఉండి ఉండవచ్చు. రంధ్రాల దుమ్మును బ్రష్‌తో దులిపేసి, బ్యాటును నల్ల కాగితం మీద ఉంచి ఒక పక్కన పెట్టండి. దీని సంగతి చివర్లో చెబుతాను.

ఇక తోలు. గ్లవ్స్ మీది తెలుపు రెండు రకాల్లో ఒకటి అయ్యుంటుంది. ఒకటి బూజు. రెండోది తోలులోపలి కొవ్వు పైకి తేలి గడ్డకట్టడం. గతంలో ఎవరో ఉదారంగా పూసిన నూనెలు, తోలు తయారీలో వాడిన కొవ్వులు చలికి ఇలా పొడిలాగా, మైనంలాగా బయటికొస్తాయి. తేడా తెలుసుకోవడం సులువే. హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడిలో, దూరంగా పట్టుకుని ఒక చిన్న మచ్చ మీద రెండు మూడు సెకన్లు గాలి తగలనివ్వండి. కొవ్వయితే కరిగి మాయమవుతుంది. బూజు కరగదు. పైగా బూజును భూతద్దంలో చూస్తే నూగులా, పోగులు పోగులుగా కనిపిస్తుంది, ముక్కవాసన కొడుతుంది. పరీక్షకు మించి వేడి తగలనివ్వకండి. బాగా చెడిపోయిన పాత తోలు తడిసి ఉంటే 40 డిగ్రీల దగ్గరే ముడుచుకుపోవచ్చు, అలా ముడుచుకున్నది మళ్లీ సాగదు.

కొవ్వు అయితే మెత్తటి పొడి నూలుబట్టతో తుడిస్తే చాలు. మళ్లీ వస్తే మళ్లీ తుడవండి. బూజు అయితే తడిబట్ట ముట్టించకండి, పచ్చి బూజును రుద్దితే తోలు రంధ్రాల్లోకి దిగుతుంది. ముందు గాలి ఆడే పొడి గదిలో, ఎండ తగలని చోట కొన్ని రోజులు ఉంచండి. ఎండితే బూజు పొడిపొడిగా మారుతుంది. అప్పుడు ఆరుబయట, ఎన్95 మాస్క్ వేసుకుని, మెత్తటి బ్రష్‌తో మీకు దూరంగా దులపండి. అతి సన్నటి దుమ్మును కూడా పట్టేసే హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్ క్లీనర్ ఉంటే ఇంకా మంచిది, గొట్టం మూతికి పలచటి నెట్ కట్టి, బ్రష్‌తో లేపిన పొడిని తక్కువ వేగంలో లాగించండి. ఆ బ్రష్ ఇక వేరే దేనికీ వాడకండి. గాలిలో తేమ 65 శాతం దాటితే బూజు మళ్లీ మొలుస్తుంది. అంటే దీనికి అసలు మందు సీసాలో లేదు, గదిలో ఉంది.

వాసనకు అత్తరులూ స్ప్రేలూ కొట్టొద్దు. మూతున్న పెట్టెలో గ్లవ్స్ పెట్టి, వాటికి తగలకుండా ఒక గిన్నెలో వాసన పీల్చే బొగ్గు, అంటే యాక్టివేటెడ్ కార్బన్ ఉంచండి. రెండు మూడు వారాల్లో చాలావరకు తగ్గుతుంది. మధ్యమధ్యలో తెరిచి బూజు వస్తోందేమో చూడండి. పాత గ్లవ్స్‌లో లోపల దూదికి బదులు గుర్రపు వెంట్రుకలు కూరడం మామూలు. బట్టల చిమ్మటలకూ తివాచీ పురుగులకూ అది విందు భోజనం. కుట్ల దగ్గర చిన్న పొట్టులు, గూళ్లు కనబడితే ఆ గ్లవ్స్‌నూ బ్యాటుతోపాటు వేరుగా పెట్టాలి.

తోలు మురికి తీయడానికి నేను పొడి పద్ధతులతోనే మొదలుపెడతాను, తొంభై శాతం సార్లు అక్కడే ఆపేస్తాను కూడా. మెత్తటి బ్రష్, ఆ తరవాత పొగమసి తుడవడానికి వాడే పొడి రబ్బరు స్పాంజి. ఈ స్పాంజిని తడపకూడదు, రుద్దకూడదు, అద్దినట్టు ఆనించి లేపాలి. స్పాంజి మీద మురికి పట్టిన పొరను కత్తెరతో కోసేస్తే కింద కొత్త పొర వస్తుంది. ఇంకా జిడ్డు మరక మిగిలితే దూదిపుల్లను డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, బాగా పిండి, కనపడని మూల ముందు పరీక్షించి, ఒక్కసారి దొర్లించి చూడండి. దూదికి రంగు అంటినా, తోలు నల్లబడినా ఆపేయండి. మ్యూజియంలలో పనిచేసేవాళ్లు చాలాచోట్ల ఉమ్మితో తడిపిన దూదిపుల్ల వాడతారు. వినడానికి వింతగా ఉన్నా అందులోని ఎంజైములు జిడ్డును నీళ్లకంటే బాగా విడదీస్తాయి. దాని మీద చేసిన పరిశోధనకు 2018లో ఇగ్ నోబెల్ బహుమతి, అంటే ముందు నవ్వించి తరవాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే సరదా బహుమతి కూడా వచ్చింది. నవ్వుకోండి గానీ, వార్నిష్ వేసిన రాకెట్ మీద అది నాకు చాలాసార్లు పనికొచ్చింది.

గుర్రపు జీను తోళ్లకు వాడే సబ్బు వద్దు. చాలా రకాలు క్షారగుణం ఉన్నవి, తోలు స్వతహాగా ఆమ్ల గుణం ఉన్నది. పైగా సబ్బు కడగడానికి నీళ్లు కావాలి, అదింకో తలనొప్పి. షూ పాలిష్ అసలే వద్దు. ఇక పశువుల గిట్టల నుంచి తీసిన నూనెలు, వంటింటి నూనెలు, క్రీములు. పూసిన రోజు తోలు అద్భుతంగా కనిపిస్తుంది, అందుకే అందరూ పూస్తారు. కొన్నేళ్లకు ఆ నూనె గాలితో కలిసి మారిపోతుంది, తోలు నల్లబడుతుంది, జిగటగా తయారై దుమ్మును పట్టుకుంటుంది, చివరికి ముందుకంటే గట్టిపడుతుంది. లోపలికి పోయిన నూనెను వెనక్కి తీయడం ఎవరి తరమూ కాదు. గట్టిపడ్డ గ్లవ్‌ను మెత్తబరచాలన్న కోరిక మీకు వస్తుంది, నాకూ వచ్చేది. గట్టిగా ఉంటే ఉండనివ్వండి. దాన్ని ఎవరూ తొడుక్కోరు.

తోలును ముట్టుకుంటే వేలికి ఎర్రటి గోధుమరంగు పొడి అంటుతోందా? అంటితే అది వేరే జబ్బు, ఇంగ్లిషులో రెడ్ రాట్ అంటారు. చెట్ల బెరడులో ఉండే టానిన్ అనే వగరు పదార్థంతో పదునుచేసిన పాత తోళ్లకు వస్తుంది. బొగ్గు పొగల నుంచి గాలిలోకి చేరే గంధక వాయువును తోలు పీల్చుకుంటుంది, అది లోపల ఆమ్లంగా మారి నారను తినేస్తుంది. అలాంటి తోలు మీద నీటి చుక్క పడితే అక్కడికక్కడే నల్లటి మచ్చ, అది పోదు. నయం చేయడం కుదరదు, పొడి రాలకుండా పట్టి ఉంచడమే. క్లూసెల్-జి అనే సెల్యులోజ్ పొడిని ఆల్కహాల్‌లో 1 నుంచి 2 శాతం కలిపి మెత్తటి కుంచెతో పలచగా వేస్తారు. ఆల్కహాల్ సిరా సంతకాలను, రంగులను కరిగిస్తుంది కాబట్టి సంతకం ఉన్న తోలు మీద మీరే ప్రయోగం చేయకండి, తోలు సంరక్షణ తెలిసినవాళ్లకు చూపించండి.

ఫుట్‌బాల్‌కు గాలి కొట్టాలని చూడకండి. లోపలి రబ్బరు బ్లాడర్ ఈపాటికి పెళుసెక్కి ఉంటుంది, పగిలితే సరే, పగలకపోతే ఆ ఒత్తిడికి కుళ్లిన కుట్లు తెగుతాయి. లేసు ముడి అసలుదైతే విప్పొద్దు కూడా. లేసు ఇప్పటికే వదులుగా ఉంటే ఆ సందులోంచి పాలియెస్టర్ దూదిని చిన్న చిన్న ఉండలుగా, మొద్దుమొన ఉన్న పుల్లతో లోపలికి తోసి, బంతి కొద్దిగా ఆకారంలోకి వచ్చేదాకా నింపండి. పూర్తి గుండ్రంగా వద్దు. తోలు ఎండిపోయి ఉంటే ఒక్క రోజులో నింపకండి, వారం పది రోజులమీద కొంచెం కొంచెంగా. పాత వార్తాపత్రికలు కూరకండి, ఆ కాగితంలో ఆమ్లం ఉంటుంది, సిరా అంటుతుంది. 1986 ప్రపంచకప్ బంతితో పూర్తి సింథటిక్ బంతుల కాలం మొదలైంది, మీ దగ్గరున్నలాంటి లేసు బంతి అంతకు చాలా ముందుది. దాని సొట్ట కూడా దాని వయసే.

లేసు కన్నాల ఇత్తడి చుట్టూ, గ్లవ్స్ రివెట్ల చుట్టూ ఆకుపచ్చటి మైనంలాంటిది ఉంటే అది చిలుము. తోలులోని కొవ్వు రాగితో కలిసి అలా తయారవుతుంది. వెదురు పుల్లతో మెల్లగా గోకి తీసేయండి, ద్రావణాలు వద్దు. ఇనుప మేకులున్నచోట మాత్రం అసలే తడి తగలనివ్వకండి, ఇనుమూ టానిన్ తడిలో కలిస్తే సిరాలాంటి నల్లటి మరక పడుతుంది. నిజానికి పాతకాలం సిరా అలాగే తయారుచేసేవాళ్లు.

బ్యాటు విషయంలో చేయాల్సింది చాలా తక్కువ. బ్లేడు విల్లో చెక్క, హ్యాండిల్ పేము, రెండూ వి ఆకారపు అతుకుతో కలిసి ఉంటాయి. ఆ అతుకు కదులుతోందేమో చూడండి, కదిలితే పట్టుకునేటప్పుడు హ్యాండిల్‌తో కాకుండా బ్లేడు కింద రెండు చేతులూ పెట్టి ఎత్తండి. మెత్తటి బ్రష్, పొడి స్పాంజి, సంతకాలు లేనిచోట అవసరమైతే పిండిన దూదిపుల్ల. అంతే. సంతకాల మీద ఏదీ వద్దు, పొడి స్పాంజి కూడా. సిరా చెక్క పొరల్లోకి దిగిందో, పైపైన ఉందో మనకు తెలియదు.

అవిసె నూనె గురించి ఇంకొక్క మాట, ఎందుకంటే ప్రతి ఒక్కరూ దాన్నే సలహా ఇస్తారు. అది ఆరే నూనె. గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని గట్టి పొరగా మారుతుంది, నేల మీద పరిచే లినోలియం తయారయ్యేది దాంతోనే. మీ బ్యాటు మీద పూస్తే కింద ఉన్న మురికినీ మరకలనీ లోపల బిగించేసి, ఏటేటా పచ్చబడి, నల్లబడి, సంతకాలను మసక చేస్తుంది. ఇంకో ప్రమాదం ఉంది. ఆ నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి పడేస్తే ఆరేటప్పుడు పుట్టే వేడికి దానంతటదే అంటుకుంటుంది. ఆడే బ్యాటుకు వాడినా సరే, ఆ గుడ్డను నీళ్లలో ముంచి, మూతున్న ఇనప డబ్బాలో వేసి పారేయాలి.

బ్లేడు మీద నిలువు పగుళ్లుంటే జిగురు పోసి బిగించకండి. చెక్క తేమ పెరిగితే అడ్డంగా ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది. పగులును జిగురుతో లాక్ చేస్తే తరవాతి ఎండాకాలంలో దాని పక్కనే కొత్తది పుడుతుంది.

రాకెట్ విషయంలో మీరు అదృష్టవంతులు, చట్రం కూడా దొరికింది. చెక్క రాకెట్లు మెలి తిరగకుండా ఉండటానికే ఆ చట్రం. అలాగని మెలి తిరిగిన రాకెట్‌ను ఇప్పుడందులో పెట్టి నట్లు బిగించకండి, పొరలు అంటించిన చోట్ల విడిపోతుంది. ముందు నుంచీ చట్రంలోనే ఉంటే నట్లను వేలితో ఆనేంతే ఉంచండి. తీగలు పశువుల పేగుతో చేసినవైతే తేమకు సాగి, పొడిగాలికి బిగుసుకుని టప్పున తెగుతాయి. ఒక పక్క తీగలు తెగి మరో పక్క బిగువుగా ఉంటే రాకెట్ ఫ్రేము మీద లాగుడు అసమానమై చెక్క వంగుతుంది. అలాంటప్పుడు మిగిలినవాటిని ఏ వరసలో వదులు చేయాలో పాత రాకెట్లు తెలిసినవాళ్లే చెప్పగలరు. కొత్త తీగలు పూర్తి బిగువులో మాత్రం వేయించకండి. వార్నిష్ బాగా ఉన్న చెక్కకు ఒక్క వెసులుబాటు ఇస్తాను: మైక్రోక్రిస్టలైన్ మైనం, బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలో రూపొందిన రెనైసాన్స్ వ్యాక్స్ లాంటిది, బియ్యపు గింజంత తీసుకుని పలచగా రాసి మెరుగుపెట్టవచ్చు. స్టికర్ ముద్రల మీద వద్దు. వార్నిష్ లేని బ్యాటుకు అస్సలు వద్దు, గీతల్లో తెల్లగా ఇరుక్కుపోతుంది.

అమర్చడం. మీరు సామాను మీద పెట్టాలనుకున్న శ్రద్ధంతా తీసుకెళ్లి గది మీద పెట్టండి. ఒక చిన్న డిజిటల్ తేమ మీటర్ కొనండి. 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే చెక్కకూ తోలుకూ హాయి. 60 దగ్గర నిలకడగా ఉన్నా పరవాలేదు గానీ, పగలు 40 రాత్రి 70 అన్నట్టు ఊగితే అదే అన్నిటికంటే చేటు. బయటి గోడ, వంటగది గోడ, ఏసీ గాలి సూటిగా తగిలే చోటు, కిటికీ ఎదురుగోడ, ఇవన్నీ లెక్కలోంచి తీసేయండి. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు గుప్పెడు వేసేవాళ్లున్నారు. మరీ పొడిబారితే తోలు పెళుసవుతుంది, మీటర్ చూసుకుంటూ వేయండి.

వెలుతురుకు మ్యూజియంలు పాటించే లెక్క సిరా, రంగు తోలు లాంటివాటికి 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత). నేరుగా పడే ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. సంతకాలున్న బ్యాటు కిటికీ ఎదుట ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి, అందులోనూ స్కెచ్ పెన్, బాల్‌పెన్ సిరాలు తొందరగా వెలిసిపోతాయి. ఎల్ఈడీ దీపం పెట్టె బయట ఉండాలి, ఎవరైనా చూడటానికి వచ్చినప్పుడే వెలగాలి. నేనైతే సంతకాల వైపును గోడకు తిప్పి, దాని ఫొటోను పక్కన పెడతాను. కొందరికి ఇది నచ్చదు, మీ ఇష్టం.

పెట్టె ఓక్ చెక్కతోనో, చెక్క పీచును జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్ పలకలతోనో చేయించకండి, వాటి నుంచి ఆమ్ల ఆవిర్లు వస్తూనే ఉంటాయి, మూసిన పెట్టెలో అవి లోహాలనూ తోలునూ తింటాయి. లోపల ఉన్ని ఫెల్ట్ వేస్తే అందులోని గంధకం వెండి పట్టీలను నల్లబరుస్తుంది. అక్రిలిక్ పెట్టె, పొడి రంగు పూత (పౌడర్ కోటింగ్) వేసిన లోహపు అడుగు, ఉతికిన తెల్ల నూలుబట్ట చాలు. మెత్తటి పీవీసీ కవర్లు, గొట్టాలు తోలుకు అంటుకుపోతాయి, దూరంగా ఉంచండి. దేనికీ మేకు కొట్టకండి, గ్లవ్స్‌ను వాటి లేసులతో వేలాడదీయకండి. బ్యాటు బరువు అడుగున ఒక చిన్న గూడు మీద కూర్చోవాలి, పైన మెత్తటి కొక్కెం ఊరికే ఆసరా. రాకెట్ బరువు తీగల మీద కాక దాని ఫ్రేము మీద ఆనాలి. గ్లవ్స్ లోపల ఆమ్లం లేని టిష్యూ కాగితాన్ని వదులుగా కూరండి.

ఇక నల్ల కాగితం సంగతి. వారానికోసారి చూడండి, రెండు నెలలపాటు, వీలైతే వేసవి మొదలయ్యేదాకా. పురుగులు బయటికి వచ్చేది ఎక్కువగా అప్పుడే. రంధ్రాల కింద పిండిలాంటి తాజా పొడి కుప్పగా పడుతుంటే పురుగు లోపల ఉన్నట్టే. మందు కొట్టకండి, సంతకాలు పోతాయి. బ్యాటును టిష్యూలో చుట్టి, పాలిథిన్ సంచిలో గాలి తీసేసి టేపుతో మూసి, మైనస్ 18 నుంచి 20 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. తీశాక సంచిని వెంటనే తెరవొద్దు, ఒక రోజంతా గది వేడికి రానివ్వాలి. తెరిస్తే చల్లటి చెక్క మీద నీరు పడుతుంది. పురుగు గూళ్లు కనబడిన గ్లవ్స్‌కూ ఇదే పద్ధతి, బిగువు తీగలున్న రాకెట్‌ను మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకండి. కాగితం నల్లగానే ఉంటే ఫ్రీజర్ అక్కర్లేదు, బ్యాటును మిగతావాటి పక్కకు చేర్చేయండి. ఆ రంధ్రాలను మాత్రం పూడ్చకండి, మళ్లీ పొడి రాలితే అక్కడే తెలుస్తుంది.